రేకుల మామ పడిన చోట

మార్చి 3

అక్కా,

ఫోన్ ఠక్కున పెట్టేసినందుకు నాకేం కోపం లేదు. నువ్వు పెట్టకపోతే నేనే పెట్టేసేవాణ్ణి. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి గొడవ, అయిదో నిమిషానికి మౌనం. అందుకే కాగితం అందుకున్నాను. ఇందులో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

చెప్పాలనుకున్నది ఒకటే. ఆగస్టు ఆఖరుకి నీకు రిటైర్మెంటు. ఆసుపత్రి వాళ్ళు క్వార్టరు తాళం అడుగుతారు. బావ పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. నాకా, ముందూ వెనకా ఎవరూ లేరు. అమ్మా నాన్నల తరవాత ఈ లోకంలో మిగిలింది మనిద్దరమే. ఇద్దరం రెండు ఊళ్ళలో రెండు పొయ్యిలు వెలిగించుకోవడం ఎందుకు? నా దగ్గరికి వచ్చెయ్యి.

ఇల్లు నీకు తెలిసిందే. అయిదో అంతస్తు, రెండు గదులు, ఒక హాలు. వంటింటి కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ, దాని మీద ఎవరివో ఆరేసిన బట్టలు. నా గది నువ్వు తీసుకో, గాలి బాగా వస్తుంది. నేను హాల్లో సోఫా మీద సర్దుకుంటాను. రెండో గది మాత్రం బొమ్మలది. అది కదపలేను, నీకు తెలుసుగా.

మొన్నొక ముసలావిడ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను కదా, ఇలాంటప్పుడు ముందు పట్టుకోవాల్సింది రెంచి కాదు. లోపలున్న మనిషిని మాటల్లో పెట్టాలి. మెల్లగా పనిచేస్తూ, చిన్నప్పుడు మొదట చూసిన సినిమా ఏమిటమ్మా అని తలుపు సందులోంచి అడిగాను. నలభై నిమిషాలు చెప్పింది. తలుపు తెరిచాక కూడా కథ అవలేదు, ఎక్కడ ఆపానో చెప్పు బాబూ అంది. ఈలోగా వాళ్ళ కోడలు వచ్చి తీసుకుపోయింది. ఆ మిగతా కథ ఏమై ఉంటుందా అని ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. మాట్లాడే మనిషి లేకపోతే ఇలాగే ఉంటుందక్కా.

ఆలోచించి రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు.

నీ తమ్ముడు


మార్చి 12

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా కోడి కెలికినట్టే ఉన్నాయి. "సర్దుకుంటాను" అని రాశావో, "చచ్చిపోతాను" అని రాశావో తెలియక కాసేపు కంగారు పడ్డాను.

ఇక్కడ పని మామూలే. లినెన్ గదిలోకి ఓ కొత్త పిల్ల వచ్చింది. దుప్పటి మడత పెట్టమంటే చుట్ట చుడుతుంది. వార్డు నంబరు మూలన వేయమంటే మధ్యలో వేస్తుంది. నడిమధ్యన నంబరున్న దుప్పటి కప్పుకుంటే రోగి జైల్లో ఉన్నాననుకోడూ? నెలకోసారి చిరిగిన దుప్పట్లు వేరు చేస్తాం. కొంచెం చిరిగినవాటికి అతుకు, మరీ చిరిగితే గుడ్డ పీలికలు. ముప్ఫై మూడేళ్ళు ఈ గదిలో గడిపాను. చెయ్యి పెట్టి చూస్తే చాలు, ఏ దుప్పటికి ఇంకా ఆయుష్షుందో చెప్పగలను. ఈ విద్య బయట దేనికీ పనికిరాదనుకో.

ఇక నీ సంగతి. వచ్చి ఉండమన్నావు, సంతోషం. కానీ అయిదో అంతస్తు. నాకు లిఫ్టంటే భయం, నీకు తెలుసు. ఇక్కడ నా పక్కింటి నర్సమ్మ ఉంది, సాయంత్రాలు ఇద్దరం కూర్చుని కాసేపు మాట్లాడుకుంటాం. మీ ఊరి నీళ్ళు కూడా నాకు పడవు. పోయినసారి వచ్చినప్పుడు మూడు రోజులు జలుబు చేసింది.

ఇంతకీ నాకొకటి అర్థం కాలేదు. బొమ్మలకేమో గది, ఇంటాయనకేమో సోఫా! యాభై మూడేళ్ళ మనిషివి. ఎవరైనా వింటే నవ్విపోతారు. ఆ పెళ్ళి మాటలకి వచ్చినవాళ్ళు గుర్తున్నారా? ఆ గది తలుపు తీసి చూసి, లోపల చిన్నపిల్లలున్నారా అని అడిగారు. వాడే చిన్నపిల్లాడండీ అన్నాను నేను. వాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు.

ఒంట్లో జాగ్రత్త. ఆ లిఫ్టు గోతుల్లోకి దిగేటప్పుడు సెల్లు జేబులో పెట్టుకోకు, జారి పడుతుంది.

అక్క


మార్చి 20

అక్కా,

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టున్నాయి నీ సాకులు. మా బిల్డింగు లిఫ్టుకి సర్వీసు చేసేది నేనే. ప్రతి నెలా తాడు చూస్తాను, బ్రేకు చూస్తాను, పట్టాలకి నూనె రాస్తాను. ఈ ఊళ్ళో అంతకన్నా భద్రమైన లిఫ్టు లేదు. నువ్వు ఎక్కినప్పుడు నేను పక్కనే నుంచుంటాను. నర్సమ్మగారిని సెలవులకి పిలుద్దాం. నీళ్ళు కాచి ఇస్తాను.

పెళ్ళి మాటల సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. వాళ్ళు కబురు పెట్టనందుకు నాకు బాధ కలగలేదు. నువ్వన్న మాటకి కలిగింది. ఆ రోజు నీ మొహం చూశాను. నన్ను చూసి సిగ్గుపడ్డావు. ఇరవై ఏళ్ళయింది, ఇంకా గుర్తుంది. అప్పటినుంచీ నువ్వు ఎప్పుడొచ్చినా ఆ గదిలోకి తొంగి కూడా చూడవు. తలుపు వేసి ఉంచమంటావు. నేను వేసేస్తాను.

ఒక్కసారి లోపలికి వచ్చి చూడక్కా. మొత్తం ఎనభై ఒక్క బొమ్మలు. ఎగిరే ఓడ సినిమాకి సంబంధించినవే అన్నీ. గోడ మీద ఆ పోస్టరుంది, అంచు నేనే అతికించాను. కాగితం ముసుగులు రెండున్నాయి. టిక్కెట్టు ముక్కలు, మూత మీద ఓడ బొమ్మ ఉన్న రేకు డబ్బా, అన్నీ ఉన్నాయి. పెద్దయ్యాక ఎక్కడెక్కడో పాత సామాన్ల కొట్లలో వెతికి తెచ్చినవి డెబ్భై ఎనిమిది. మిగతా మూడూ చిన్నప్పటివే. పళ్ళపొడి డబ్బాలో వచ్చేవి చూడు, ఒంటికన్ను కెప్టెను, మూడుకాళ్ళ కుక్క, రేకుల మామ. వేలెడంత ఉంటాయి. రంగు పోయింది, కుక్కకి ఇప్పుడు రెండు కాళ్ళే.

ఆ పందొమ్మిది రోజులు నాకు రోజూ గుర్తొస్తాయి. నాకు ఏడేళ్ళు, నీకు పన్నెండు. మన వీధి చివరి హాల్లో టార్చి పట్టుకునే ఆయన మనల్ని పక్క బెంచీ మీద కూర్చోపెట్టేవాడు. రోజూ మధ్యాహ్నం ఆట. రోజూ అదే సినిమా. రేకుల మామ చేతినిండా పళ్ళాలు పెట్టుకుని ఓడ మెట్లెక్కుతూ దబ్బున పడేవాడు. నువ్వు నవ్వేదానివి. తల వెనక్కి వాల్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు సినిమా కన్నా అదే బాగా గుర్తు.

నువ్వు వస్తే ఆ మూడు బొమ్మలూ నీ గదిలో పెడతాను.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు.

ఆ సినిమా గురించి నాకు రాయకు. నేను నవ్వానో ఏడ్చానో నువ్వు లెక్కలు పెట్టుకోవద్దు.

నువ్వు నన్ను రమ్మంటున్నావా, నీ బొమ్మలకి కాపలా ఉండమంటున్నావా? సూటిగా చెబుతున్నాను. ఆ గదిలో ఒక్క బొమ్మ ఉన్నా నేను ఆ ఇంట్లో అడుగు పెట్టను. గది ఖాళీ చెయ్యి. పోస్టరు, ముసుగులు, డబ్బాలు, అన్నీ. అప్పుడు ఆలోచిస్తాను.

చెయ్యలేవని నాకు తెలుసు. అందుకని ఇక ఈ మాట వదిలేద్దాం. వేరే ఏమైనా రాయి, చదువుతాను.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని కోపం తెచ్చుకున్నావేమో. పని పెట్టుకున్నాను. రాస్తే చెయ్యలేనేమోనని, అయ్యేదాకా రాయలేదు.

గది ఖాళీ.

నేను సర్వీసు చేసే ఒక బిల్డింగులో రెండో అంతస్తున పిల్లల పళ్ళ డాక్టరమ్మ ఉంది. ఆవిడ దగ్గరికొచ్చే పిల్లలు ముందు గదిలో కూర్చున్నంతసేపూ ఏడుపే ఏడుపు. లిఫ్టు గోతిలో ఉన్నా నాకు వినిపిస్తుంది. ఓ రోజు పైకెళ్ళి అడిగాను, బొమ్మలిస్తే తీసుకుంటారా అని. ఎన్ని అంది. ఎనభై ఒకటి అన్నాను. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏదైనా దుఃఖంలో ఉన్నానేమో అనుకుంది పాపం. మా అక్క వస్తోందండీ, గది కావాలి, అన్నాను.

అట్టపెట్టెలు తొమ్మిదయ్యాయి. ఒక్కో బొమ్మనీ పాత పేపర్లో చుట్టాను. మొదటి రోజు అయిదు చుట్టి ఆపేశాను. రెండో రోజు అసలు ఆ గదిలోకి వెళ్ళలేదు. తరవాత ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి, ఎవరివో సామాన్లు సర్దుతున్నాననుకుని సర్దేశాను. ఆ మూడు చిన్నవీ ఆఖరున పెట్టాను. అవి ఉంచుకుందామా అని కాసేపు చేతిలో పట్టుకుని నుంచున్నాను. ఒక్క బొమ్మ కూడా వద్దన్నావు కదా. వాటినీ పెట్టేశాను. పోస్టరు గోడనుంచి తీస్తుంటే నాలుగు ముక్కలైంది, దాన్ని ఆవిడకివ్వలేదు, పారేశాను.

గోడలకి లేత పసుపు వేయించాను. ఇల్లు అలకగానే పండగ కాదంటావు, తెలుసు. మంచం కూడా కొన్నాను. నీ ఎత్తుకి సరిపోతుంది, నేను పడుకుని చూశాను. ఒకటే ఇబ్బంది, ఆ గదిలో దగ్గినా తుమ్మినా ఇల్లంతా మోగుతోంది.

నవ్వకు కానీ, పోయిన వారం రెండుసార్లు ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పన్ను నొప్పి అని చెప్పాను. ముందు గదిలో అరగంట కూర్చున్నాను. అద్దాల బీరువాలో వరసగా పెట్టించింది. వరస తప్పు. కెప్టెను పక్కన కుక్క ఉండాలి. చెబుదామని చెప్పలేదు. ఆవిడ నా నోరు చూసి, మీ పళ్ళు పిల్లల పళ్ళు కావు, ఉక్కు పళ్ళు, ఇంకోసారి రానక్కర్లేదు అంది.

ఎప్పుడొస్తావో రాయి. ఆగస్టు దాకా ఆగక్కర్లేదు, వచ్చే నెల ఓసారి వచ్చి గది చూసి వెళ్ళు.

తమ్ముడు


మే 8

నాన్నా గుండూ,

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. స్టవ్వు మీద పాలు పొంగిపోయాయి. లేవలేదు.

నేను చేసింది తప్పురా. ఆ షరతు అబద్ధం. నువ్వు చచ్చినా ఆ బొమ్మల్ని వదలవని, నేను కాదనక్కర్లేకుండా మాట అక్కడితో ఆగిపోతుందని అలా రాశాను. నువ్వు వదిలేస్తావని కల్లో కూడా అనుకోలేదు. నేను రాను. బొమ్మలున్నా రాను, లేకపోయినా రాను. ఇక్కడే సెప్టెంబరు నుంచి ఓ గది మాట్లాడుకున్నాను. ఫిబ్రవరిలోనే మాట్లాడుకున్నాను, నీ మొదటి ఉత్తరం రాకముందే. చెప్పడానికి నోరు రాక లిఫ్టనీ, నీళ్ళనీ ఏవో వంకలు పెట్టాను.

ఎందుకు రానో కూడా చెబుతాను. ఇన్ని చేసి ఇంకా దాచడం బాగోదు.

ఆ పందొమ్మిది రోజులు నీకు సంబరం. నువ్వు చిన్నవాడివి, నీ తప్పు లేదు. నాకు మాత్రం ఆ రోజులు అమ్మ చనిపోయిన రోజులు. ముందు గదిలో అమ్మ మంచం. మధ్యాహ్నం రెండింటికి కాంపౌండరు వచ్చి ఇంజక్షను ఇచ్చేవాడు. ఇచ్చేముందు మానని ఆపరేషను గాయం కడిగేవాడు. అప్పుడు అమ్మ అరిచే అరుపు వీధి మలుపు దాకా వినబడేది. మొదటి రోజే నాన్న నన్ను పెరటి తలుపు దగ్గరికి పిలిచి, "వాణ్ణి మూడు గంటలు ఇంట్లో లేకుండా చూడమ్మా, వాడు ఇది వినకూడదు" అన్నాడు. మరి నేను? నేను వినకూడదని ఎవరూ అనుకోలేదు. రోజూ నీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. వీధి మలుపు తిరిగేదాకా నీ చెవిలో పెద్దగా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేదాన్ని.

నేను అమ్మ దగ్గర ఉండాల్సిందిరా. తన చెయ్యి పట్టుకోవాల్సింది. ఆ పందొమ్మిది మధ్యాహ్నాలూ నీ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. పైగా నవ్వాను. నువ్వు రాశావే, తల వెనక్కి వాల్చి నవ్వేదానివని. నిజమే. అమ్మ ఇంట్లో అలా ఉండగా నేను హాల్లో కూర్చుని నవ్వాను. నలభై ఆరేళ్ళుగా అదే నన్ను తొలుస్తోంది. ఆఖరి రోజు మనం తిరిగొచ్చేసరికి గేటు దగ్గర జనం. నేను లోపలికి వెళ్ళేటప్పటికి అంతా అయిపోయింది. అంతకు అరగంట ముందు నేను నవ్వుతున్నాను.

నీ గదిలోకి రానిది సిగ్గుతో కాదు. ఆ రేకుల మామని చూస్తే నాకు ఆ అరుపు వినిపిస్తుంది. పెళ్ళివాళ్ళ ముందు నా మొహంలో నువ్వు చూసింది అదే. నువ్వు దాన్ని సిగ్గనుకున్నావు, నేను సంజాయిషీ చెప్పలేదు.

ఇంకొక మాట. అది కూడా కష్టంగానే ఉంటుంది. నిన్ను పెంచాను. నాన్నకి ఆఖర్లో నేనే చేశాను. మీ బావకీ నేనే. పగలు ఆసుపత్రి దుప్పట్లు, రాత్రి ఇంటి దుప్పట్లు. నీ దగ్గరికి వస్తే మళ్ళీ పన్నెండేళ్ళ దాన్నయిపోతాను, నీ చెయ్యి పట్టుకుని వీధి దాటిస్తూనే ఉంటాను. ఒక్కసారైనా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బతకాలని ఉందిరా. భయం లేదనను. రాత్రిళ్ళు ఈ క్వార్టర్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడదు, కొత్త గదిలోనూ అంతే. అయినా నాకు అదే కావాలి.

ఆ డాక్టరమ్మని అడిగి నీ బొమ్మలు నువ్వు తెచ్చేసుకో. నన్ను తిట్టుకో.

అక్క


మే 16

అక్కా,

ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. నాలుగు కాగితాలు చింపేశాను. ఇది అయిదోది.

నాకు తెలుసక్కా. అమ్మ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. నువ్వు నా చెవిలో గట్టిగా మాట్లాడేదానివి, నిజమే, కానీ నా రెండో చెవి ఖాళీగానే ఉండేది కదా.

నీకు చెప్పనిది ఒకటుంది. చెప్పొద్దని అమ్మే అంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

మూడో రోజు పొద్దున నువ్వు కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్నావు. అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది. మాట్లాడితే ఆయాసం వచ్చేది, అందుకని చెవి దగ్గర పెట్టమంది. "అక్క నా మంచాన్నే అంటిపెట్టుకుని ఎండిపోతోంది. ఇవాళ నిన్ను మీ నాన్నకి వదిలేసి నా దగ్గరే ఉంటానంటోంది. నువ్వు రోజూ సినిమాకని ఏడువు. నువ్వు ఏడిస్తే అది కాదనదు. వచ్చాక అక్క ఎక్కడ నవ్విందో నాకొచ్చి చెప్పు. దానికి మాత్రం చెప్పకు" అంది.

నేను ఏడ్చాను. గుర్తుందా, నాలుగో రోజు నువ్వు రానని మొండికేస్తే గుమ్మంలో పడి దొర్లాను? చూసిన సినిమానే ఎన్నిసార్లు చూస్తావురా అని నా వీపు మీద ఒకటిచ్చావు. నాకు ఆ సినిమా అయిదో రోజుకే విసుగొచ్చింది. తెర వైపు చూసేవాణ్ణి కాదు, నీ వైపు చూసేవాణ్ణి.

సాయంత్రం నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే అమ్మ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఆ మూడు బొమ్మలూ అందుకే. మాటల్లో చెప్పడం నాకు సరిగ్గా వచ్చేది కాదు. అమ్మ దుప్పటి కింద మోకాళ్ళు మడిచేది, అవే ఓడ మెట్లు. రేకుల మామని ఒక్కో మెట్టూ ఎక్కించి పైనుంచి పడేసి, "ఇక్కడ నవ్వింది" అని చెప్పేవాణ్ణి. ఎలా నవ్వింది అని అడిగేది. తల వెనక్కి వాల్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూపించేవాణ్ణి. అమ్మ కళ్ళు మూసుకుని వినేది. ఇంకోసారి పడెయ్యి అనేది. ఆఖర్లో మోకాళ్ళు మడవలేకపోయింది, అప్పుడు దిండు మీదనుంచి పడేశాను. ఆ రోజు కూడా నవ్వింది, చప్పుడు లేకుండా.

నువ్వు అమ్మ దగ్గర లేవని నలభై ఆరేళ్ళుగా ఏడుస్తున్నావు. సాయంత్రమయ్యేసరికి అమ్మ అడిగేది నీ నవ్వు గురించే. నా చేతుల మీదుగా రోజూ అందింది అక్కా. నువ్వు అక్కడ నవ్వకపోయి ఉంటే నేను ఇంటికొచ్చి ఏం చెప్పేవాణ్ణి?

నాన్న నన్ను నీకు అప్పజెప్పాడని నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు. అమ్మ నిన్ను నాకు అప్పజెప్పింది. వాళ్ళిద్దరూ కూడబలుక్కున్నారో, ఎవరికి వారు అనుకున్నారో, అడుగుదామంటే ఇద్దరూ లేరు.

పందొమ్మిదో రోజు నువ్వు రెండుసార్లు నవ్వావు. రెండుసార్లు అంతకుముందు ఎప్పుడూ లేదు. అమ్మకి చెబుదామని వీధంతా నీ చెయ్యి లాక్కుంటూ వచ్చాను. గేటు దగ్గర జనాన్ని చూశాక నువ్వు నా చెయ్యి వదిలేశావు. రేకుల మామ నా నిక్కరు జేబులో ఉన్నాడు. ఆ కబురు ఎవరికీ చెప్పలేదు. అది చెప్పేదాకా ఆ బొమ్మని పారెయ్యకూడదు అనిపించింది. అలా పెట్టుకున్నాను. దానికి తోడని ఇంకోటి తెచ్చాను, తరవాత ఇంకోటి. ఎనభై ఒకటయ్యాయి.

అక్కడ నువ్వు మాట్లాడుకున్న గదే తీసుకో అక్కా. తాళం నీ చేతిలో ఉండాలి. నాకు బాధగా లేదని రాస్తే నువ్వు నమ్మవు. పసుపు గోడల గదిలోకి వెళ్ళి రోజూ ఒకసారి లైటు వేసి ఆర్పుతున్నాను. కానీ బలవంతం చెయ్యను. నువ్వు ఒకసారి నీకోసం బతుకు.

బొమ్మలు తెచ్చుకోను. ఇచ్చింది ఇచ్చినట్టే.

తమ్ముడు


మే 25

గుండూ,

లినెన్ గదిలో దుప్పట్ల మూట మీద కూర్చుని చదివాను. కొత్త పిల్ల వచ్చి, ఏమైంది పెద్దమ్మా, ఎవరు పోయారు అంది. మా అమ్మ అన్నాను. అయ్యో ఎప్పుడు అంది. ఇప్పుడే తెలిసిందే అన్నాను. అది కంగారు పడి వెళ్ళి సూపర్వైజరమ్మని పిలుచుకొచ్చింది. ఆవిడకి మా అమ్మ ఎప్పుడు పోయిందో తెలుసు. వచ్చి నా పక్కన మూట మీద కూర్చుంది.

నువ్వు నన్ను మాటల్లో పెట్టావనుకోలేదురా. నేనే నిన్ను పెట్టాననుకున్నాను ఇన్నేళ్ళూ. ఏడేళ్ళ వెధవ్వి, వీపు మీద దెబ్బ తిని కూడా నోరు విప్పలేదు. ఆ దెబ్బకి ఇప్పుడు ఏం చెయ్యను చెప్పు.

శుక్ర, శని రెండు రోజులు సెలవు పెట్టాను. వస్తున్నాను. ఉండిపోవడానికి కాదు, ఆ మాట మళ్ళీ ఎత్తకు. ఆ పసుపు గదిలో పడుకుంటాను.

ఆ డాక్టరమ్మని బతిమాలి రేకుల మామని రెండు రోజులకి అడిగి తీసుకురా. పని అయ్యాక మనమే వెళ్ళి ఇచ్చేసి వద్దాం. నేను మంచం మీద పడుకుని దుప్పటి కింద మోకాళ్ళు మడుస్తాను. నువ్వు అమ్మకి చూపించినట్టే చూపించు. పందొమ్మిదో రోజుది కూడా. రెండోసారి ఎక్కడ నవ్వానో నాకు గుర్తు లేదు.

అక్క